దొర పథ్యం

దొర అంటే మా ఊరి దొర కాదు. పిల్లి. జహంగీర్ సాదుకున్న పిల్లి.

"పని చెయ్యడు. అందరికంటె ముందు తింటడు. తిన్నంక మూతి తుడుసుకొని మన దిక్కు సూడనన్న సూడడు. ఇంకేం పేరు పెట్టాలె గట్టయ్యా?" అని జహంగీరే పెట్టిండు ఆ పేరు.

నేను, జహంగీర్ బొగ్గు బాయిల జోడి. ఆయన చెమ్మస్‌ పారతోని బొగ్గు తోడితే నేను తట్టకెత్తి టబ్బుల పోసేటోణ్ని. ఎనిమిదేండ్లు ఒక్కతాన పనిచేసినం. మాట్లాడుడు ఆయన పని, ఇనుడు నా పని. నాకు మొదట్నుంచి మాటలు తక్కువ.

షిఫ్టు దిగే సైరన్ మోగంగనే దొర మా గుడిసెల సందుల నుంచి నడిచొచ్చి గేటు పక్కన తుమ్మచెట్టు కింద కూసునేది. జహంగీర్ సద్ది డబ్బల ఒక్క ముద్ద మిగిలిచ్చి తెచ్చేటోడు. ఇంత అన్నం, ఒక ఎండు చాప ముక్క. మూతల పెట్టి దాని ముందల జరిపి, "తిను దొరా, నీ పొలంల పనిచేసొచ్చిన" అనేటోడు. గేటు కాడ ఉన్నోళ్లందరు నవ్వేది.

పందొమ్మిది వందల డెబ్బయ్యో ఏట వానకాలం పోయినంక జహంగీర్‌కు కామెర్లయినయ్. చెట్ల మందు తాగిండు. దవాఖానల పండిండు. తక్కువ కాలె. ఒకనాడు నేను సూడవోతే దవాఖాన మంచంల పండుకునే నా చెయ్యి పట్టిండు.

"గట్టయ్యా, గా దొర గేటు కాడ సూస్తుంటది. నేనింక రానని దానికి ఎవడు చెప్తడు? నువ్వన్న ఒక్క ముద్ద పెట్టు."

"పెడ్త" అన్న. గంతే అన్న. మూడో రోజు ఆయన పోయిండు.

ఆయన పెండ్లాం నుస్రత్ బేగం. నేను భాభీ అనేటోణ్ని, ఆమె నన్ను గట్టయ్య భాయ్ అనేది. పిల్లలు లేరు. బీడీలు చేసుకుంట బతికింది. మా గుడిసెకు వాళ్ల గుడిసెకు నడుమ ఒక తడిక. నేను మూడు తరగతులు చదివిన. ఆ గుడిసెలల్ల అప్పుడు గదే పెద్ద చదువు. జగిత్యాల నుంచి ఆమె తమ్ముడు ఎవరితోనో తెలుగుల రాయిచ్చి పంపే కార్డులు నేనే కూడబలుక్కుంట చదివి చెప్పేది.

జహంగీర్‌కు ఇచ్చిన మాట ఆమెకు చెప్పలే. ఏడుస్తున్న మనిషికి పిల్లి ముచ్చట ఏం చెప్తం అని మొదలు ఊకున్న. తర్వాత చెప్పే యాళ్ల దాటిపోయినట్టనిపిచ్చింది. ముద్ద మాత్రం రోజు పెట్టిన.

ఏడాది తిరిగినంక దొర చిక్కిపోవుడు మొదలయ్యింది. ఒకటే నీళ్లు తాగుడు, తిన్నది కక్కుడు. నోరు దగ్గరికొస్తే వాసన.

"ఆయన గూడ ఆఖరుకు గిట్లనే నీళ్లు, నీళ్లు అన్నడు" అన్నది భాభీ. "పెద్దపల్లిల పశువుల డాక్టర్ ఉన్నడంట. తోలుకపోదాం భాయ్. ఆయన చేతి ముద్ద తిన్నది ఇంట్ల ఇదొక్కటే మిగిలింది. ఇది గూడ పోతే నేనెవరితోని మాట్లాడాలె?"

మా ఇంటామె పోశవ్వ తడిక అవతలి నుంచి ఇంటనే ఉంది. "పిల్లికి డాక్టరా! మాయన కడుపునొప్పని మూలిగితే వాము నీళ్లు పోసి పండుకోమన్న. ఈయనకు పిల్లి పుట్టుక పుట్టే రాత లేకపాయె" అన్నది. అనుకుంటనే గంప తెచ్చిచ్చింది. మీద కట్టనీకె పాత చీర ముక్క గూడ ఇచ్చింది.

బస్సుల కండక్టర్ గంపను కాలుతోని జరిపి, "ఏందే ఇండ్ల, కోళ్లా?" అని అడిగిండు.

"దొర" అన్న నేను.

బస్సంత గొల్లుమన్నది. "దొరైతే గంపల ఎందుకు కూసున్నడు? సీటుల కూసోమను, టికెట్ కొడ్త" అన్నడు కండక్టర్.

"దొరలు ఎన్నడన్న టికెట్ కొన్నరా బిడ్డా?" అన్నది ఎనకసీటుల ఒక ముసలవ్వ.

భాభీ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. జహంగీర్ పోయినంక ఆమె నవ్వుడు నేను గదే సూసుడు.

పశువుల దవాఖాన ముందల బర్లు, ఎడ్లు కట్టేసి ఉన్నయ్. వాటి నడుమ మేము గంప పట్టుకొని నిలబడ్డం. డాక్టర్ వయసు మళ్లిన మనిషి. "నా నౌకరీల పిల్లిని తెచ్చింది మీరే మొదలు" అన్నడు. నవ్వలే మాత్రం. దొర నడుము రెండు దిక్కుల మెల్లగ ఒత్తి సూసిండు. నోరు తెరిచి వాసన సూసిండు. అల్మారీల నుంచి లావు పుస్తకం తీసి చాన సేపు తిప్పిండు.

"దీని కిడ్నీలు, గుర్దాలంటం గదా, గవి చెడిపోయినయ్. దీనికి మందు పెద్దగ లేదు. తిండే మందు" అని ఒక కాయితం మీద తెలుగుల రాసి నా చేతిల పెట్టిండు.

ఇప్పటికి నాకు నోటికొస్తది ఆ కాయితం. ఉప్పు వద్దు. ఎండు చేప అసలే వద్దు. కార్జం వద్దు, బొక్కలు వద్దు. మెత్తగా ఉడికిన అన్నం, గుడ్డు తెల్లసొన, చెంచా నెయ్యి. వారానికి రెండు సార్లు కోడికూర చిన్న ముక్క, ఉప్పు లేకుండా. నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

"గిట్ల పెడితే ఏడాది, రెండేండ్లు బతకొచ్చు. ఇంట్ల అందరు ఒక్క మాట మీద ఉండాలె. ఒకరు పెట్టి ఒకరు పెట్టకుంటె పథ్యం కాదు" అన్నడు డాక్టర్.

"ఇంట్ల నేనొక్కదాన్నే సారు" అన్నది భాభీ.

ఆ దినం నుంచి ఆమె పొయ్యి మీద ఉప్పు బంద్. దొరకు తీసి పక్కకు పెట్టినంక తన పల్లెంల ఉప్పేసుకోవచ్చు. వేసుకోలే. "నువ్వొక్కదానివే సప్పిడి తింటవా? నేను గూడ తింట. ఇది నీకు రంజాన్ రోజా అనుకో దొరా. ఇఫ్తార్ లేని రోజా" అని దానికి చెప్పేది. ఎండు చాపల గంప ఎత్తుకొని బేరగత్తె వాడకొస్తే తలుపేసేది. దొర లోపల గీక్కుంట ఒర్రేది. తలుపు తియ్యకపోయేది. వారానికి ఒక్కసారన్న నాతోని ఆ కాయితం చదివిచ్చుకునేది.

కాని సైరన్ మోగితే దొరను ఎవరు ఆపుతరు? తడిక కింద నుంచి దూరి గేటు కాడికొచ్చేది. అలవాటు కొద్ది పోయొస్తుందనుకునేది భాభీ.

పథ్యం మొదలైన తెల్లారి నేను బాయిల నుంచి పైకొచ్చేసరికి తుమ్మచెట్టు కింద కూసోని ఉంది. నా డబ్బల ముద్ద ఉంది, చాప ముక్క ఉంది. డాక్టర్ మాట యాదికుంది. జహంగీర్ మాట గూడ యాదికుంది. ఎటూ తేలక కొంచెంసేపు నిలబడ్డ. ఆఖరుకు బాయి దీపాలిచ్చే ల్యాంపురూం కాడి నల్ల తిప్పి, నీళ్ల కింద ఆ ముక్కను మంచిగ కడిగిన. రుద్ది రుద్ది కడిగిన. ఉప్పంత పోయిందనుకున్న. ఒక్క ముక్క ఏం చేస్తది అనుకున్న. పెట్టిన. అది తిని మూతి తుడుసుకొని పోయింది.

రోజు గట్లనే చేసిన. రోజు కడిగిన.

ఇంటికొచ్చినంక భాభీ గుడ్డు తెల్లసొన కలిపిన అన్నం పెడితే దొర వాసన సూసి పక్కకు వోయేది. "తినవేందిరా? నేను తింటలేనా?" అని ఆమె వేలితోని దాని నోట్లె పెట్టేది. తడిక సందుల నుంచి నాకు కనవడేది. మొకం తిప్పుకునేటోణ్ని.

రెండు నెలలకు దొర నడుము బొక్కలు తేలినయ్. మళ్ల గంపల పెట్టుకొని పెద్దపల్లి పోయినం. ఈసారి బస్సుల ఎవరూ నవ్వలే. డాక్టర్ దాన్ని సూసి మొకం చిట్లిచ్చిండు.

"పథ్యం నడుస్తుందా అమ్మా?"

"నడుస్తుంది సారు. ఒక్క పూట తప్పలే."

"ఎక్కడన్న ఉప్పు తగులుతుందా? ఎండు చాప? ఆలోచించి చెప్పు. తగుల్తుంటె బంద్ చెయ్యొచ్చు, ఇంక కొంచెం ఆశ ఉంటది. తగులకుండనే గిట్లైతే మాత్రం నేను చేసేది ఏం లేదు."

"అల్లా మీద ఒట్టు సారు. నేను గూడ ఉప్పు తింటలేను."

డాక్టర్ నా దిక్కు సూసిండు. నేను గంప చెవులు పట్టుకొని నిలబడ్డ. నోట్లె మాట ఉంది. ఆమె మొకంల ఆ ఒట్టు ఉండంగ నేనేం చెప్పాలె?

"మరైతే తోలుకపోండ్రి. మంచిగ సూసుకోండ్రి" అన్నడు డాక్టర్.

తెల్లారి నుంచి నేను ముద్ద తేలే. గేటుల నుంచి గూడ రాలే. బొగ్గు కుప్పల ఎనక చిన్న దారి ఉండేది, గట్ల పోయిన. దూరం నుంచి సూసిన. మనుషులు పల్చబడేదాక దొర తుమ్మచెట్టు కింద కూసుంది. వచ్చేటోళ్ల కాళ్లను ఒక్కొక్కటి సూసుకుంట కూసుంది. నాలుగు రోజులు వచ్చింది. అయిదో రోజు నడవలేక సందులనే ఆగింది.

ఇంకో వారానికి సచ్చిపోయింది. ఇంటెనక గుంత తీసింది నేనే. భాభీ జహంగీర్ తువ్వాలల చుట్టి ఇచ్చింది. పోశవ్వ గూడ ఏడ్చింది. "పాపం, దొర లెక్కనే బతికింది" అన్నది.

చేతులు కడుక్కొని నేను పోబోతుంటే భాభీ గోడ సందుల నుంచి డాక్టర్ కాయితం తీసింది.

"కూసో భాయ్. మల్లొక్కసారి చదువు. నేను యాడనో తప్పిన."

కూసున్న. "ఉప్పు వద్దు."

"పెట్టలే."

"ఎండు చేప అసలే వద్దు."

"పెట్టలే." ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వేలు మడిచింది. "నెయ్యి ఎక్కువేసిన్నా? ఒకనాడు కోడి మెడ ముక్క పెట్టిన, అండ్ల బొక్క ఉండెనా? కింద ఇంకేమన్న రాసిండా? నువ్వు చదవకుండ ఇడిసినవా?"

కింద ఏం లేదు. తెల్ల కాయితం.

"రాసిండు" అన్న. "ఈ రోగం ఏ తిండితోని పోదు, ఎవరి తప్పు లేదు, అని రాసిండు."

ఆమె మనసు కుదుటపడ్తదనుకున్న. పడలే.

"ఏ తిండితోని పోదా? మరి నేనెందుకు మాడ్పిన దాన్ని?" అన్నది. "చాపకోసం ఎంత ఒర్రింది భాయ్. తలుపు గీకి గీకి గోరు ఇరగ్గొట్టుకుంది. ఆయన చేతి నుంచి తిన్న చాప అది. పోయేది పోంగ, సక్కగ తిననన్న తిననియ్యకపోతి. ఉత్తగనే మాడ్పి సంపితి." అని రెండు చేతులతోని తల కొట్టుకునుడు మొదలువెట్టింది.

ఆ చేతులు పట్టుకొని ఆపిన. "మాడలే భాభీ. తిన్నది. చాపలు తిన్నది."

"ఎవరు పెట్టిండ్రు?"

"నేను."

"ఎన్ని రోజులు?"

"రోజు."

అప్పుడు చెప్పిన అన్ని. దవాఖానల జహంగీర్ చెయ్యి పట్టింది, మాట తీసుకుంది, నేను చాపను నల్ల కింద కడిగింది. నా బతుకుల ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడింది ఆ దినమే.

"ఆ మాట నాకు చెప్పకపోతివి" అన్నది ఆఖరుకు. గొంతు పెద్దగ చెయ్యలే. "ఒక్క ముద్దే గదా ఆయన అడిగింది. చాపనే పెట్టుమన్నడా? నేనే సప్పిడి ముద్ద చేసి పొద్దుగాల నీ డబ్బల పెట్టిస్తుంటి గదా గట్టయ్య భాయ్. ఆయన మాట నిలవడుతుండె. ఇది గూడ బతుకుతుండె."

నాకు గది ఎన్నడు తోచలే. ఎనిమిదేండ్లు ఆయన జోడిగ ఉన్న, ఆమె తడిక అవతలనే ఉన్న. నాకు గది తోచలే.

"డాక్టర్ అడిగిననాడు నువ్వు నా పక్కనే ఉన్నవు" అన్నది.

"ఉన్న."

"కింద రాసిండన్నది అబద్ధమేనా?"

"అబద్ధమే."

నా చేతిల నుంచి కాయితం తీసుకుంది. మడత పెట్టి మళ్ల గోడ సందుల పెట్టింది. "పో భాయ్. పోశక్క అన్నానికి సూస్తుంటది" అన్నది.

ఆమె నన్ను తిట్టలే. వాడల ఎవ్వరికి చెప్పలే. పోశవ్వకు గూడ చెప్పలే. ఎదురుపడితే భాయ్ అనే అన్నది, ఎప్పటిలెక్కనే.

నెల తిరిగినంక జగిత్యాల నుంచి కార్డొచ్చింది. పోస్టుమాన్ ఎప్పటిలెక్కనే నాకిస్తే తీసుకపోయి ఆమె చేతిల పెట్టిన. చదవనీకె కూసోబోయిన. "ఉండనియ్ భాయ్" అన్నది. బుర్ఖా వేసుకొని, కార్డు పట్టుకొని బజారుకు నడిచింది. అక్కడ సైకిళ్లు బాగుచేసే ముష్తాక్ ఉండేటోడు. ఆయన గూడ చదువుకున్నోడే.

కొంచెం దూరం ఎనక నేను గూడ పోయిన, ఎందుకు పోయిన్నో తెల్వది. ముష్తాక్ చేతుల గ్రీజు తుడుసుకొని కార్డు చదివి చెప్తున్నడు. ఆమె నిలబడి ఇంటుంది. ఒక మాట కాడ ఆపి, మళ్లొక్కసారి చదువుమన్నది. ఆయన చదివిండు. తమ్ముడు ఏం రాసిండో నాకు ఇనవడలే.