పేరు పెట్టి పిలిచిన పూట

నవ్యా, ఆ టీవీ కాస్త ఆపి ఇట్టా వచ్చి నా మంచం మీద కూర్చో. ఇంకా దగ్గరికి రా, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. మీ తాత ఫోను తాళం తీయించేదానికి నేనూ మీ చిన్నతాతా ఆత్మకూరు పోయినామే, ఆ సంగతి. మీ అమ్మకు సగమే చెప్పినాను. మిగతా సగం నీకు చెప్తా.

మీ తాత కేక నీకు గుర్తుండాదా? దుర్గం కొండ వాలులో నిలబడి కేకేస్తే నలభై గొర్రెలూ మేత వదిలి తలకాయలెత్తేవి. నేనూ వాటికి చాకిరీ చేసినదాన్నే, ఈనేటప్పుడు పిల్లల్ని ఈ చేతుల్తో పట్టినదాన్నే. అయినా నా కేకకు ఒక్కటి కదిలేది కాదు. అందుకని ముందటేడు జొరం వచ్చి లేవలేనప్పుడు, మంచంలో పడుకునే తన కేకను ఫోనులో పట్టి నాకిచ్చినాడు. "హోయ్... ర్రా ర్రా ర్రా... హోయ్", చివరాఖర్న ఒక దగ్గు. వాలు కిందికి పోయి నొక్కినాను. గొర్రెలన్నీ బుద్ధిగా దొడ్డి దారి పట్టినాయి. "ఏందే, నాకంటే నా ఫోనుకే మర్యాదెక్కువైందే!" అని నవ్వినాడు మీ తాత.

ఈ ఎండలు ముదరకముందే, ఆ వాలులోనే, పెద్ద బండ పక్కన పోయినాడు. గొంగడి కప్పుకుని కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉన్నాడంట.

ఇంక చూడు, గొర్రెలకు పిచ్చి పట్టినట్టయింది. పొద్దున దొడ్డి తెరిస్తే చాలు, పరిగెత్తి పోయి ఆ బండ చుట్టూ నిలబడేవి. మేయవు, నీళ్ళు ముట్టవు. సాయంత్రం నలుగురు పోయి మెడకు తాళ్ళేసి ఈడ్చుకు రావాల. పక్కటెముకలు తేలినాయి. రెండు చచ్చిపోయినాయి.

మీ చిన్నతాత గోవిందయ్య వచ్చి, "వదినా, శనివారం బేరగాడు బండి తెస్తాడు. అన్నీ చచ్చేలోపల తోలేద్దాం" అన్నాడు.

"ఆయన కేక వింటే మేస్తాయిరా. ఆ ఫోను ఇట్టా ఇయ్యి."

తల దించుకున్నాడు. కర్మకు వచ్చేవాళ్ళకు చెప్పేదానికని మీ తాత సిమ్ము తీసి తన సిమ్ము పెట్టినాడంట. అది ఇంకో కంపెనీది. ఫోనేమో ఆ ఒక్క కంపెనీకే కట్టేసిన ఫోను, అందుకే చవగ్గా వచ్చింది. వేరే సిమ్ము పడేసరికి తాళం పడిపోయింది. పాత సిమ్ము మళ్ళీ పెట్టినా తెరుచుకోలా. కేక లోపలుండాది, మేము బయటున్నాము.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం ఉదయగిరిలో బస్సెక్కినాము. ఆత్మకూరులో ఆ కంపెనీ అంగడిలో ఏంజెలిన్ అని ఒక పిల్ల కూర్చోనుండాది. నవ్వుమొహం. పంచాయతీవాళ్ళిచ్చిన చావు కాగితం చూసింది, నా ఆధారు చూసింది.

"అవ్వా, తాళం మా చేతిలో లేదు. కంపెనీవాళ్ళు తీయాల. లైను కలుపుతా, అడిగిందానికి నువ్వే చెప్పు. ఫోను ఎవరి పేరున ఉండాది?"

"మా ఇంటాయన పేరున."

"ఆయన పేరేంది?"

నేను పలకలా.

"మా అన్న పేరు కామయ్య, రాసుకోమ్మా" అన్నాడు గోవిందయ్య.

"మీరు చెప్తే కుదరదు తాతా. అర్జీ పెట్టింది అవ్వ, అవ్వ నోటితోనే రావాల. అక్కడ రికార్డు చేస్తారు."

ముప్పై తొమ్మిదేళ్ళ కాపురం నవ్యా. ఏమయ్యా అన్నాను, ఇదిగో అన్నాను. ఆ పేరు మాత్రం ఎప్పుడూ నోట పలకలా. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. రేషనంగట్లో అడిగితే కార్డు చూపించేదాన్ని, ఓటు కాడ చీటీ చూపించేదాన్ని.

"ఇంకా ఏం ఆయుష్షు మిగిలుండాదని వదినా తగ్గేదానికి?" అన్నాడు గోవిందయ్య.

"నువ్వు గమ్మునుండరా!"

ఏంజెలిన్ నవ్వింది. "మా ఆయన్ని నేను రోజుకు నూరుసార్లు పేరు పెట్టి పిలుస్తానవ్వా. దున్నపోతు మాదిరి తిరగతానే ఉండాడు."

అంగట్లో అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలా. గోవిందయ్య అన్నదీ నిజమే. కానీ ఆ పేరు నా నోట వచ్చిందంటే ఆయన పోయినాడని నేనూ ఒప్పుకున్నట్టే కదా. ఊరంతా ఒప్పుకుంది, నేనొక్కదాన్నే మిగిలినాను.

ఈలోపల లైను కలిసింది. అందరికీ వినపడేటట్టు పెట్టింది ఆ పిల్ల. ఎవరో మొగాయన, "కస్టమరు పేరు చెప్పండమ్మా" అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. బండ కనపడింది, దాని చుట్టూ డొక్కలెండిన నా గొర్రెలు కనపడినాయి.

"కామయ్యా!"

జవాబు చెప్పినట్టు రాలేదమ్మా. వాలు కింద నిలబడి పిలిచినట్టు వచ్చింది.

ఆ లైనులోనే ఒక దగ్గు వినపడింది. ఆ తర్వాత, "ఊఁ... వస్తన్నా."

వెంటనే ఏదో పాట మొదలైంది.

"ఎవరమ్మా పలికింది?" అన్నాను.

"ఎవరూ పలకలేదవ్వా, సారు హోల్డులో పెట్టినాడు" అంది ఏంజెలిన్. గోవిందయ్య మాత్రం అన్న ఎదురొచ్చినట్టు గబుక్కున లేచి నిలబడినాడు. వాడూ విన్నాడు.

కాసేపటికి ఆ మొగాయన మళ్ళీ వచ్చి ఏదో నంబరు చెప్పినాడు. ఏంజెలిన్ నొక్కింది, తాళం తెరుచుకుంది. ఉదయగిరి దాకా బస్సులో గోవిందయ్య ఆ ఫోనును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పొద్దు వాలేవేళకు వాలు కిందికి పోయినాము. ఫోనులో ఆ కేక నొక్కినాను. "హోయ్... ర్రా ర్రా ర్రా... హోయ్." దగ్గు. ఎన్నిసార్లు విన్నానో, దగ్గుతోనే అయిపోతుందది. ఆ పొద్దు మాత్రం అంతటితో అయిపోలా. "ఊఁ... వస్తన్నా" అనింది.

గొర్రెలు దిగినాయి. పరిగెత్తలా, తోసుకోలా. మీ తాత మందలో నడిచేటప్పుడు ఎట్టా రెండుగా చీలి నడిచేవో, అట్టా చీలి, నడిమధ్య ఒక మనిషి పట్టేంత సందు వదిలి నడిచినాయి. ఆ సందులోకి ఒక్క పిల్ల కూడా అడుగు పెట్టలా. నా పక్కగా పోయేటప్పుడు గొంగడి వాసన కొట్టింది.

తొట్టి కాడ ఆగి నీళ్ళు తాగినాయి. మర్నాడు బేరగాడు వస్తే గోవిందయ్యే ఎదురుపోయి బండి తిప్పి పంపినాడు.

ఆ తర్వాత నేను ఆ పేరు పలకలా. ఇప్పుడంటే నీకు చెప్పాల కాబట్టి చెప్పినాను, అదీ గుసగుసగా. బతికినన్నాళ్ళూ ఆ వాలు ఎక్కీ దిగీ అలిసిపోయిన మనిషి, ఆ బండ కాడ కూర్చోనీ.

నువ్వు మాత్రం ఇది మరిచిపోబాక తల్లీ. నీ పిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు మీ తాత పేరు నువ్వు నోరారా చెప్పు, ఏం కాదు. నేను పిలిస్తేనే ఆయన లేచి వచ్చేది.