ప్రార్థన అంశం

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు స్త్రీలం గుండ్రంగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన అంశాలు చెబుతాం. కూతురి చదువు, భర్త తాగుడు, మోకాళ్ల నొప్పి. అక్కడ చెప్పిన మాట గడప దాటదని అందరి నమ్మకం. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నప్పటి నుంచి నేనూ అలాగే నమ్మాను.

పాస్టరు గంగాధరరావు గారిది తెనాలి వైపు. మేము ఆయనను అయ్యగారని, ఆయన భార్యను అమ్మగారని పిలుస్తాం. సంఘంలో సగం కోస్తా వాళ్లు, సగం మా నల్గొండ వాళ్లు. తెలంగాణ కోసం ప్రార్థించమని మావాళ్లు ఒకసారి అడిగితే, రాజకీయాన్ని చెప్పులతో పాటు బయటే విడిచి రమ్మన్నారు అయ్యగారు. మన రాజ్యం పరలోకంలో ఉందన్నారు. నాకది సబబుగానే తోచింది. మా అభిలాష్‌కు తోచలేదు. "పరలోకంల నౌకరీలు ఇస్తరా అమ్మా?" అని నవ్వాడు.

అభిలాష్ మా ఒక్కగానొక్క కొడుకు. యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ ఉద్యమంలో తిరిగేవాడు. రెండువేల తొమ్మిదిలో మా సువార్త సభలప్పుడు కొందరు వచ్చి పందిరి గుంజలు పీకి, కరపత్రాలు చించారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. మిగిలిన సభలు జరిగినన్నాళ్లూ పందిరి చుట్టూ కాపలా ఉన్నది అభిలాష్, వాడి స్నేహితులు. ఆ స్నేహితుల్లో క్రైస్తవుడు ఒక్కడూ లేడు. ఎవరి మొక్కు వాళ్లను మొక్కుకోనివ్వాలని వాళ్ల లెక్క. ఆ ఆదివారం అయ్యగారు అభిలాష్ తల మీద చేయి ఉంచి దీవించారు.

రెండువేల పది ఫిబ్రవరిలో విద్యార్థుల మీద కేసులు పెట్టారు. అభిలాష్ మూసారాంబాగ్‌లో మా చెల్లెలి ఇంట, మేడ మీది గదిలో తలదాచుకున్నాడు. అదే వారం నా భర్త లింగస్వామిని దిల్‌సుఖ్‌నగర్‌లో దవాఖానలో చేర్చాం. ఆయన హయత్‌నగర్ డిపోలో డ్రైవరు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమంటే, డిపోలో ఎవరూ గుర్తుపట్టరని మార్చుకోలేదు. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే, కొడుకును చూడాలని.

అయ్యగారు, అమ్మగారు దవాఖానకు వచ్చినప్పుడు నా అంశం చెప్పాను. అభిలాష్ ఎక్కడ ఉన్నాడో, ఆదివారం సాయంత్రం ఎలా తీసుకురావాలనుకుంటున్నామో చెప్పి, తండ్రిని చూసి క్షేమంగా వెళ్లిపోయేలా ప్రార్థించమన్నాను. అయ్యగారు మంచం పక్కన మోకరించి చాలాసేపు ప్రార్థించారు. ఆయన కళ్లు తడిశాయి. ఆ తడి అబద్ధం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆదివారం తెల్లవారగానే పోలీసులు చెల్లెలి ఇంటికి వెళ్లారు. కింద ఎవరినీ ఏమీ అడగలేదట. నేరుగా మేడ ఎక్కారట. మంగళవారం నా భర్త పోయాడు. సమాధి దగ్గరికి రావడానికి కూడా అభిలాష్‌ను వదల్లేదు. వాడు వేయవలసిన మట్టి నేను వేశాను.

తర్వాతి ఆదివారం అయ్యగారు ఆరాధనలో సాక్ష్యం చెప్పారు. ఆ గొడవ తర్వాత నెలల తరబడి దొరకని సువార్త సభల అనుమతి దొరికిందట. ప్రభువు అధికారి హృదయాన్ని మార్చాడట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జైల్లో ములాఖత్‌కు వెళితే అభిలాష్ నాన్న గురించి అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత, "మేడ మీది గది సంగతి ఎవలకు చెప్పినవమ్మా?" అన్నాడు.

"అయ్యగారికే."

వాడు కోపం చేసుకోలేదు. "సభలకు పర్మిషన్ ఒచ్చిందా?" అని మాత్రం అడిగాడు.

అక్కడి నుంచి నేరుగా అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన దాచలేదు.

"వాడి మేలు కోరే చెప్పానమ్మా. పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటున్న రోజులివి. లోపలుంటే ప్రాణంతో ఉంటాడనుకున్నాను. అధికారులకు లోబడమనే కదా వాక్యం."

"మరి పర్మిషన్?"

"నేను అడగలేదు. వాళ్లంతట వాళ్లే ఇచ్చారు. సువార్త చెప్పుకునే స్వేచ్ఛ లేకపోతే సంఘం ఎలా బతుకుతుందమ్మా?"

"ఆ స్వేచ్ఛకు నా కొడుకు కావలి కాసిండు, అయ్యగారు."

ఆయన మంచినీళ్లు తెమ్మని అమ్మగారిని పిలిచారు. నేను తాగలేదు.

ప్రభువుతో నాకు తగవు లేదు. అందుకని ఆ శుక్రవారం కూడా ప్రార్థనకు వెళ్లాను. దారిలో అండాలమ్మ కలిసింది. కూరగాయలు అమ్ముకునే మా నల్గొండ మనిషి. తన చిన్నకొడుకు ఊరేగింపుకు పోయి ఇంటికి రాలేదని, ఎక్కడ దాక్కున్నాడో తనకు కబురు అందిందని, వాడి కోసం అంశం చెబుతానని అంది. అయ్యగారి ఇంట్లో జరిగిన మాటలు నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఆమెకూ చెప్పలేకపోయాను.

గుండ్రంగా కూర్చున్నాం. నా వంతు వచ్చింది. అమ్మగారు నా వైపు చూసీ చూడనట్టు చూశారు.

"నా అంశం మనసులనే చెప్పుకుంట, అమ్మగారు" అన్నాను.

అక్కడ ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు. నా పక్కన అండాలమ్మ చెప్పడానికి నోరు తెరిచి, ఆగి, నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"నాదేం లేదమ్మగారు" అంది నెమ్మదిగా. "మా ఇంట్ల అందరు మంచిగున్నరు."

అమ్మగారు దాన్ని స్తుతి అంశాల్లో చేర్చి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.