బావ పాసయ్యేదాకా

ఆళ్లగడ్డ నుంచి అన్న వస్తున్నాడంటే లక్ష్మీనరసమ్మ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చేది. ఆరోజు మాత్రం శేషయ్య, ఆయన వెనకే కొడుకు శేషాద్రి వీధి మలుపు తిరగడం చూసి ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. ఎందుకొస్తున్నారో తెలుసు మరి. కూతురు కృష్ణకుమారి ఎస్సెల్సీ మంచి మార్కులతో పాసయింది. కర్నూల్లో ఆడపిల్లల కాలేజీలో సీటొచ్చింది, సోమవారం చేరాలి. శేషాద్రి అదే పరీక్ష రెండోసారి తప్పాడు. పిల్ల పుట్టిననాడే ‘ఇది నా కోడలు’ అని మాట తీసుకున్న మనిషి శేషయ్య.

“ఆ కాలేజీ మనకొద్దప్పా,” అన్నాడు కూర్చోగానే, బట్టలంగడి మూసి భోజనానికొచ్చిన భాస్కరయ్యతో. “హాస్టల్లో ఎవురు వండుతారో, ఏం పెడ్తారో!”

“నీచు లేకుండా మనలాంటోళ్లకు వేరే వంట ఉందంట మామా. అడిగినాం,” అంది కృష్ణకుమారి గడప దగ్గర నిలబడి.

“మొగ మాస్టర్లుంటారు.”

“అందరూ ఆడోళ్లే మామా.”

“అది ఇంకా చేటు. పెండ్లి చేసుకోకుండా తిరిగే ఆడోళ్లు పిల్లలకేం నేర్పిస్తారు?”

చూశారా ఈయన న్యాయం! మగవాళ్లుంటే తప్పు, ఆడవాళ్లుంటే ఇంకా తప్పు. ఇక గోడలు పాఠాలు చెప్పాలి కాబోలు. లక్ష్మీనరసమ్మకు ఒళ్లు మండింది. అటు చూస్తే శేషాద్రి, పిల్ల హాస్టలుకు తీసుకుపోవాలని తను నిన్నంతా కూర్చుని చేసిన కజ్జికాయల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒకటి మింగకముందే ఇంకొకటి నోట్లో కుక్కుతున్నాడు. వేళ్లు నాకి ఆ వేళ్లే మళ్లీ డబ్బాలో పెడుతున్నాడు. ఆమెకు రోత పుట్టింది.

“అసలు సంగతి చెప్పు మామా,” అంది పిల్ల.

శేషయ్య గొంతు సవరించుకున్నాడు. “వీడు తప్పి ఇంట్లో ఉంటే నువ్వు కాలేజీకి పోతావా? ఆళ్లగడ్డలో నేను తలెత్తుకొని తిరగద్దా? మొగుని కంటే పెండ్లాం ఎక్కువ చదివేది యాడన్నా ఉందా? ఒక్క ఏడాది ఆగు. ఈడనే ఉండి వీనికి చదువు చెప్పు. వీడు పాసైనంక మంచి కాలేజీ నేనే చూస్తా.”

“నాకా?”

“నీకెందుకు? వీనికి. అప్పటికి పెండ్లి అయిపోయింటాది గదా నీకు!”

“లెక్కలు బాగా చెప్పాల,” అన్నాడు శేషాద్రి నిండు నోటితో, నవ్వుతూ. “నాకు అస్సలు రావు.”

ఛీ! ఈ ముఖాన్నా తను ఇన్నేళ్లు ‘మా అన్న కొడుకు, మా అన్న కొడుకు’ అని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది! అన్న మీదే కాదు, తన మీద తనకే అసహ్యమేసింది. మొగుడి వైపు చూసింది. భాస్కరయ్య దూలాలు చూస్తూ, “బావ చెప్పేదాన్లో గూడా...” అని నసిగాడు.

“ఏముందయ్యా దాన్లో?” అని లేచింది లక్ష్మీనరసమ్మ. “అన్నా, నా బిడ్డ సోమవారం కర్నూలు పోతాది. నీ కొడుక్కు ఇయ్యను. ఇంకొకరి చదువు మాన్పించి పాసయ్యే మొగోడు మాకొద్దు.”

శేషయ్య ముఖం నల్లబడింది. “నా మాట కాదంటే నీకు పుట్టిల్లు ల్యాదు. తెలిసే మాట్లాడ్తాండావా?”

“మాయమ్మ మంచంలో ఉంది గదన్నా. చూడనీవా?”

“గడప తొక్కనీను.”

అమ్మ ఇంకెన్నాళ్లుంటుందో దేవుడికే తెలుసు. కూతురు తన వైపే చూస్తోంది.

“సరే, తొక్కను,” అంది లక్ష్మీనరసమ్మ.

తండ్రీకొడుకులు విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయారు. లక్ష్మీనరసమ్మ వంటింట్లో చేరి, కొంగు నోట్లో కుక్కుకుని, అమ్మ కోసం ఏడ్చింది.

అరుగు మీద నుంచి మొగుడి గొంతు వినిపించింది. ఎదురింటి చెన్నకేశవులుతో చెబుతున్నాడు. “మా బావ ఎంత బతిమాలినా నేను ఇన్ల్యా! నా కూతురు చదవాల్సిందే అంటి. మొగోడన్నాక మాట మీద నిలబడాల గదప్పా!”

“శభాష్ భాస్కరయ్యా! నీయంత ధైర్యం ఎవురికుంటాది?”

“ఏమే,” అని లోపలికి కేకేశాడు భాస్కరయ్య, “రెండు కాఫీలు బేగా పంపీ!”

థూ, అనుకుంది లక్ష్మీనరసమ్మ. కళ్లు తుడుచుకుని, చెంబెడు నీళ్లు తీసి మండుతున్న పొయ్యిలో పోసింది.