ముకుందం సేటు తెప్పించిన నీటిగుర్రం

ఎంకపల్లి పొలంలో గుంత తవ్వుతున్నారంటే స్వప్నిక మొదట సంతోషించింది. ఇన్నేళ్లకు బాపుకు బుద్ధి పుట్టి వానలకు ముందే నీటికుంట తవ్విస్తున్నాడనుకుంది. దగ్గరికి పోయి చూస్తే అడుగున టైల్స్ పరుస్తున్నారు. అవి కాలు జారకుండా గరుకుగా ఉండే రకం. ఒక పక్క మెల్లగా నీళ్లలోకి దిగే ఏటవాలు, చుట్టూ నడుమెత్తు ఇనుప కమ్మీలు. నీటికుంటకు కమ్మీలెందుకు?

"ఎవలకు సాలోమోనన్నా ఇది?"

పదిహేనేళ్లుగా ఆ పొలం చూసుకుంటున్న సాలోమోను తువ్వాలతో మొహం తుడుచుకుని అటూ ఇటూ చూశాడు. "చెప్పొద్దన్నడమ్మా సేటు. నీ పుట్టినరోజుకు తనే చూపిస్తడంట."

"సాలోమోనన్నా!"

"గదేనమ్మా. నువ్వు కంప్యూటర్ల అందరికి చూపిస్తవు గద, ఆ పొట్టి నీటిగుర్రం. దాని పిల్ల. రేపు పొద్దుగాల్ల ఆరింటికి వస్తదంట. నేను చర్చి కూడ మానుకుంటున్న. ఇయ్యాల పన్నెండింటికి ఏజెంటు ఫోన్ చేస్తడంట, సేటు ఊఁ అంటే ఇగ అయిపోయినట్టే."

స్వప్నిక గడియారం చూసుకుంది. పదకొండు కావస్తోంది. స్కూటీ ఎక్కి చేవెళ్లలో బాపు షాపు దారి పట్టింది. దారి పొడుగునా తనను తనే తిట్టుకుంది, ఎందుకంటే ఈ పిచ్చి తమ ఇంటికి తెచ్చింది తనే.

ఏడాది కిందట, గచ్చిబౌలిలో ఆమె పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో వన్యప్రాణుల మీద అవగాహన కార్యక్రమం పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో జంతువని చీటీలు వేశారు. పులి వచ్చినవాడు ఎగిరి గంతేశాడు. స్వప్నికకు పిగ్మీ హిప్పో, అంటే పొట్టి నీటిగుర్రం వచ్చింది. పశ్చిమాఫ్రికా అడవుల్లో, వాగుల పక్కన దాక్కుని బతికే చిన్నప్రాణి. మామూలు నీటిగుర్రం ముందు నిలబెడితే పందిలా ఉంటుంది. ఆఫీసంతా పకపకా నవ్వింది. స్వప్నికకు రోషం వచ్చి దాని గురించి చదవడం మొదలుపెట్టింది. చదివే కొద్దీ రోషం పోయి ప్రేమ పట్టుకుంది. ఆ తరవాత ఆదివారమంటే ఆమెకు మొయినాబాద్ కాలేజీల్లో, చిల్కూరు బడుల్లో, గండిపేట గేటెడ్ కాలనీల్లో దాని గురించి చెప్పడమే.

ప్రొజెక్టరు మోసింది తండ్రి ముకుందం. చేవెళ్లలో విత్తనాల షాపు, నోరు తెరిస్తే బేరం తప్ప మరో మాట ఎరగడని ఊళ్లో పేరు. అలాంటి మనిషి ఆదివారం షాపు మూసి, కూతురు వెంట వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. 'లోకం మొత్తంలో ఇక రెండు వేల పైచిలుకే మిగిలాయి' అన్న దగ్గర స్వప్నిక ఏడ్చేసేది. ప్రతిసారీ అక్కడే ముకుందం కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. చూసినవాళ్లు మురిసిపోయేవారు. ఆ తుడుచుకోవడం వెనక ఎలాంటి ఆలోచన మొలుస్తోందో ఎవరికి తెలుసు?

షాపు చేరేసరికి పదకొండున్నర దాటింది. ముకుందం కొత్తగా దిగిన మొక్కజొన్న బస్తాను తిరగేసి మరగేసి చూస్తున్నాడు. ఏ బస్తా వచ్చినా ఇది ఏ చేనుది, ఎవరు పండించారు, ఎప్పుడు కోశారు అని అడగనిదే లోపల పెట్టనివ్వడు. చుట్టుపక్కల షాపుల్లో నకిలీ విత్తనాలు దొరికి రైతులు గొల్లుమన్న ఏడు కూడా ఈ షాపు మీద ఈగ వాలలేదు.

"బాపూ, నిజమేనా?"

ముకుందం దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "ఆ సాలోమోను నోట్ల నువ్వుగింజ నానదు."

"వద్దని చెప్పు."

"మాటిచ్చిన బిడ్డా." నవ్వు ఆగిపోయింది. ఆ షాపులో కాగితం కన్నా మాటకే విలువ. ఒకసారి అన్నాక ముకుందం వెనక్కి తీసుకున్న మాట లేదు. "ఏడ్చింది నువ్వే గద? ఇంకిన్నే ఉన్నయని చెప్పింది నువ్వే గద? కరువు ఏడు ఊరంత గింజలు తినేస్తుంటే మా నాయన ఒక్క కుండ పచ్చజొన్నలు దాసిపెట్టిండు. ఆ విత్తనం అట్లనే మిగిలింది. మన దగ్గరుంటే ఇది కూడ ఒక్కటన్న బతుకుతది. తప్పేమున్నది చెప్పు?"

స్వప్నిక దగ్గర నలభై స్లైడ్లున్నాయి. అడవి నరకొద్దని ఉంది, వేటాడొద్దని ఉంది. ఆ అడవి మొహం ఎన్నడూ చూడనివాళ్లకు అవన్నీ చెప్పింది. కొనొద్దని మాత్రం ఎక్కడా రాయలేదు. చేవెళ్లలో కూర్చుని నీటిగుర్రాన్ని కొనేవాడుంటాడని ఏ తెలివైనవాడు మాత్రం అనుకుంటాడు?

"ఒక్కటి తెచ్చి ఏం చేస్తవ్ బాపూ? ఒక్కదానితోటి విత్తనం నిలుస్తదా?"

"అవును గద," అని ముకుందం ఒక్క క్షణం ఆలోచించి, "జోడి దొరుకుతదేమో అడుగుత," అన్నాడు.

ఇంకో మాటంటే ఇంకో ప్రాణం మీదికి వచ్చేలా ఉంది. స్వప్నిక గోడ గడియారం చూసింది. ముల్లు కదులుతోంది, తనకు ఒక్క ఉపాయమూ తోచడం లేదు.

పన్నెండుకు రెండు నిమిషాలుందనగా ఫోన్ మోగింది. స్వప్నిక తండ్రి చేయి పట్టుకుంది. "ఒక్కటే అడుగుత బాపూ. షాపుకు బస్తా వస్తే ఏమడుగుతవో, గదే అడుగు. ఆ తరవాత నీ ఇష్టం."

ఇందులో తప్పేముందన్నట్టు ముకుందం స్పీకర్ నొక్కాడు.

"సేట్, మీ మాల్ సిటీకి చేరింది. రేపు పొద్దున పంపమంటరా?"

"జర ఆగు. ఎక్కడి మాల్ ఇది?"

"అసలైన అడవిది సేట్. జూలో పుట్టింది కాదు."

"ఎప్పుడు పట్టిన్రు?"

"మీరు చెప్పిన వారానికే. గిరాకి లేకుంటే ఆ అడవిల ఎవలు తిరుగుతరు సేట్? మీ కోసమే పట్టిన్రు."

"పిల్ల గద. దీని తల్లేది?"

అవతల ఏజెంటు నవ్వాడు. "తల్లి ఉంటే పిల్ల దగ్గరికి రానిస్తదా? దాన్ని కాల్చేసిన్రు. దీంతోటి ఇంకో పిల్ల కూడ దొరికింది, దారిల పోయింది. ఇది మాత్రం గట్టిది, గ్యారంటీ నాది."

ముకుందం అలాగే బస్తా మీద కూలబడ్డాడు.

"వద్దంటే చెప్పుండ్రి సేట్, ఫికర్ లేదు. మొయినాబాద్‌ల ఇంకో ఫాంహౌస్ ఆయన అడుగుతున్నడు. ఆయన కూడ ఎవరో అమ్మాయి ప్రోగ్రాం చూసిండంట."

ఆ అమ్మాయి తనేనని స్వప్నికకు అర్థమైంది. తను ఏడ్చింది, జనం విన్నారు, తుపాకీ పేలింది. ఆమెకు సిగ్గుతో అక్కడే చచ్చిపోవాలనిపించింది.

ముకుందం కూతురి మొహం చూశాడు. తరవాత ఫోన్ వైపు వంగి, "పంపు. నా మాట మాటే," అని పెట్టేశాడు.

"ఇంత విన్నంక కూడ పంపమంటవా?" స్వప్నిక అరిచింది. షాపు ముందు పోయేవాళ్లు ఆగి చూశారు. "నీ మాట నీకు గంత గొప్పదా బాపూ?"

"వద్దంటే మొయినాబాదాయన దగ్గరికి పోతది బిడ్డా. అట్ల పోతే ఇగ మనకు దొరకదు." ముకుందం బస్తా మీది నుంచి లేచాడు. "ఫారెస్టోళ్ల నంబరున్నదా నీ దగ్గర?"

"కేసులో నీ పేరే ముందుంటది."

"ఉండనీ. వాడు నన్ను నమ్మి వస్తడు. నమ్మినోన్ని పట్టిచ్చుడు నా బతుకుల చెయ్యలే. రేపు చెయ్యాలె."

తెల్లవారి అయిదున్నరకే ఫారెస్టు రేంజరు, నలుగురు సిబ్బంది, ఒక పశువుల డాక్టరు, వాళ్లతో స్వప్నిక పంపుగది వెనక నక్కి ఉన్నారు. ఆరయింది. వ్యాను జాడ లేదు. ఆరుంబావుకు ఏజెంటు ఫోన్ చేశాడు.

"సేట్, అంత మంచే గద? ఎవలు లేరు గద?"

ముకుందం పంపుగది వైపు చూశాడు. పక్కన సాలోమోను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు.

"నేను, మా సాలోమోను. అంతే," అన్నాడు ముకుందం చివరికి.

పది నిమిషాలకు వ్యాను గేటు దాటింది. ఏజెంటు, డ్రైవరు కలిసి చెక్కపెట్టె దించారు. లోపల్నుంచి చప్పుడు లేదు. సాలోమోను బకెట్టు తెచ్చి సందుల్లోంచి నీళ్లు పోశాడు. అప్పటికీ చప్పుడు లేదు. పోయిందనుకుంది స్వప్నిక. రెండో బకెట్టుకు లోపల ఏదో గట్టిగా చీదింది.

సిబ్బంది బయటికి ఉరికారు. డ్రైవరు వంకాయ చేలో పడి దొరికాడు. ఏజెంటు కదల్లేదు, ముకుందం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"మాటిచ్చినవ్ సేట్."

"ఇచ్చిన," అన్నాడు ముకుందం. తల మాత్రం ఎత్తలేదు.

డాక్టరు పెట్టె తెరిపించాడు. మేకపిల్లంత ఉంది. నల్లటి చర్మం ఎండి పగుళ్లు తేలింది. ఏటవాలు మీదుగా తడబడుతూ నీళ్లలోకి దిగి, ఒక మూలకు పోయి మూతి ఎత్తి వాసన చూసింది. అక్కణ్నుంచి రెండో మూలకు పోయింది. మూడో మూలకు పోయింది. మళ్లీ మొదటికి వచ్చింది.

"బతుకుతదా సార్?" స్వప్నిక అడిగింది.

"బతకొచ్చు. జూకు పంపిస్తం. అడవికైతే ఇగ పోలేదు," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు తల్లిని వెతుకుతున్నది."

ముకుందం అది విన్నాడు. కమ్మీలు పట్టుకుని అది నాలుగు మూలలూ తిరిగినంతసేపూ చూశాడు.

రేంజరు కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "సేటూ, మీరే పట్టిచ్చిన్రు కాబట్టి కోర్టుల జర దయ చూస్తరేమో. చదివి సంతకం పెట్టుండ్రి."

ముకుందం కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఒక దగ్గర వేలు ఆగింది. "నేను తెప్పించిన జంతువులు ఒకటి అని రాసిన్రు. తప్పు సార్. మూడు."

"దొరికింది ఒక్కటే గద?"

"తల్లి? దారిల పోయిన పిల్ల?"

"దొరకనియి మేం రాయలేం సేటూ."

"నా వాంగ్మూలం గద సార్. నేను రాస్త."

స్వప్నిక పెన్ను తీసి ఇచ్చింది. ముకుందం ఆ ఒకటి కొట్టేసి, పక్కన మూడు అని రాసి, కింద సంతకం పెట్టాడు.