అంతయ్య చెప్పిన దావత్

శ్రీరాంపూర్ బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన అంతయ్యకు పాత సాహస నవలలంటే ప్రాణం. ఇంట్లో బీరువాలో బట్టలకంటే అవే ఎక్కువ. వాటిలో అతనికి మరీ ఇష్టమైన సముద్రదొంగల నవలకు చివరి పేజీ లేదు. బావిలో ఉన్న రోజుల్లో తోటివాళ్లకు ఆ కథ చెబుతూ, ముగింపు తనే కల్పించాడు. నాయకుడు నిధి తెచ్చి ఊరందరికీ దావత్ ఇస్తాడు.

పోయిన నెల మంచిర్యాలలో పాత పుస్తకాలు అమ్మేచోట అదే నవల చిరగకుండా దొరికింది. ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర అప్పట్లో ఆ కథ విన్న పాత దోస్తులను కూర్చోబెట్టి అసలు ముగింపు చదివి వినిపించాడు. నిధి సముద్రంలో మునిగిపోతుంది. నాయకుడు ఒట్టి చేతులతో ఇల్లు చేరుతాడు.

వాళ్లలో రాజలింగుకు కోపం వచ్చింది.

"గిదేం పుస్తకం అంతన్నా? గా దావత్ ఏమైంది?"

"దావత్ నేనే అల్లి చెప్పిన. రాసినాయన గిట్లనే రాసిండు."

"గట్లయితే రాసినాయనకే కథ సరిగ్గ తెల్వదు. నువ్వు చెప్పిందే అసలుది. దీన్ని వాపస్ ఇచ్చి రా!"

మిగిలినవాళ్లూ అదే మాటన్నారు. అంతయ్యకు సిగ్గూ గర్వమూ ఒకేసారి కలిగాయి. పుస్తకాన్ని సంచిలో పెట్టబోతుంటే రాజలింగు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జర నాకియ్యే. మొదటి నుంచి చదివి, గాయన ఎక్కడ తప్పిండో చూస్త."

రాజలింగు తర్వాత చదవడానికి ఇంకో ముగ్గురు కాచుకుని ఉన్నారు. పుస్తకం ఇంతవరకు అంతయ్య ఇంటికి చేరలేదు.