బుస

గిటారు భుజాన వేసుకుని, ఎకో మిషన్ని చంకలో ఇరికించుకుని తమ్ముడి రిపేరు షాపు మెట్లెక్కేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. ఒకే జబ్బుకు ఒకే డాక్టరు దగ్గరికి ఇన్నిసార్లు ఎవరైనా వస్తారా? వాడు నన్ను చూసి సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టాడు. నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"రా అక్కా. బిడ్డకి మళ్లీ జ్వరమా?"

"నవ్వావంటే పళ్లు రాలగొడతా. శనివారం ప్రోగ్రాం. ఇది బాగుపడకపోతే నేను స్టేజీ ఎక్కను. చిలకని ఆ అగ్గిపెట్టెతోనే కానిచ్చుకోమను."

చిలక మా బ్యాండులో పాటగాడు. అగ్గిపెట్టె అంటే వాడు కొత్తగా కొన్న డిజిటల్ పెడల్. అరచేతిలో ఇమిడిపోతుంది, అచ్చం నా మిషన్లాగే ఎకో ఇస్తుందట. ఇస్తుంది, వాడి మొహం! నాది నేను పెళ్లికి ముందు కొనుక్కున్న పెట్టె. లోపల ఒక టేపు ముక్క చుట్టలా అతికించి ఉంటుంది, ఆగకుండా తిరుగుతుంది. గిటారు మీద నేనొక మాట అంటే అది టేపు మీద పట్టుకుని, కాస్త ఆగి, మళ్లీ అంటుంది. దాని మీద నేను ఇంకో మాట వేస్తాను. శనివారం ప్రోగ్రాం మొదలయ్యేదే దానితో. పక్కన ఎవరూ ఉండరు, నేనూ అదీ అంతే. అది సరిగా పలక్కపోతే నేనేం వాయించాలి? నాకు వేరే విద్య రాదు.

కొన్ని నెలలుగా దాని గొంతు మొద్దుబారింది. తీగ మీటగానే మెరిసే ఆ అంచు లేదు. దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టుంది. గొంతుకి పదును పెంచే ట్రెబుల్ నాబు తిప్పుకుంటూ, ఇంకాస్త తిప్పుకుంటూ నెట్టుకొస్తున్నాను. దీనికి తోడు బ్యాండు వాళ్ల వేషాలు. మొన్న రిహార్సల్లో డ్రమ్మరు తన సామానంతా గదిలో అవతలి మూలకు లాక్కుపోయాడు. చిలకైతే చెవుల్లో దూది పెట్టుకుని పాడాడు. ముసలిదాని వాయింపు వినలేకపోతున్నారు కాబోలు. వాళ్ల పొగరు నాకు తెలియనిదా?

తమ్ముడు మిషన్ మూత విప్పాడు. నేను కూర్చోలేదు. కిటికీ తీశాను, మూశాను. వాడి స్క్రూడ్రైవర్లన్నీ వరసగా సర్ది, నచ్చక మళ్లీ కలిపేశాను.

"అక్కా, నువ్వు కుదురుగా ఉంటే నా చెయ్యి కుదురుగా ఉంటుంది."

"నీ చెయ్యి కుదురుగా ఉంటే నేను ఇన్నిసార్లు వచ్చేదాన్నా?"

వాడు పాత టేపు తీసి కొత్తది కత్తిరించి అతికించాడు. టేపు రాసుకుపోయే హెడ్లను స్పిరిట్లో ముంచిన దూదితో తుడిచాడు. షాపు వెనకే వాళ్ల ఇల్లు. మరదలు టీ తెచ్చింది. నేను గిటారు తీయడం చూసి, ఎప్పటిలాగే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పాపం, సంగీతమంటే గిట్టని మనిషి అనుకున్నాను.

నాబు చివరిదాకా తిప్పి వాయించాను. తమ్ముడు కళ్లు చిట్లించాడు.

"లాభం లేదురా. ఇంకా ముసుగులోనే ఉంది."

వాడి మొహం చూస్తే జాలేసింది. ఎంత తిట్టినా తోడబుట్టినవాడు కదా.

"సరేలే, ఒక్క పని మాత్రం భలే చేశావు. బుస పోగొట్టావు. ఇన్నేళ్లలో ఇది ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు."

టేపు మిషన్ ఏదైనా బుస కొడుతుంది. గిటారు ఆపినా వెనక సన్నగా 'స్‌స్‌స్' అంటూనే ఉంటుంది. అది లేకుండా చేయడం ఎవరి తరమూ కాదని వాడే చెప్పేవాడు. మెచ్చుకుంటే పొంగిపోతాడనుకున్నాను. వాడు నన్నే చూస్తున్నాడు.

"కిందటిసారి కూడా ఇదే మాట అన్నావు. వెటకారం చేస్తున్నావనుకున్నా."

"వెటకారమేంట్రా?"

వాడు లేచి వెళ్లి లోపలి తలుపు కొట్టాడు. "ఏమోయ్, ఒకసారి ఇలా రా. ఏం వినిపిస్తోంది నీకు?"

"ఏముంది, మీ మిషన్ బుస. వంటింట్లోకి కూడా వస్తోంది, ఆపండి బాబూ" అంటూనే వచ్చింది మరదలు. నా మొహం చూసి ఆగిపోయింది.

"మొగుడూ పెళ్లాం కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా?"

"కాదక్కా. ఒకసారి అటు తిరుగు. మిషన్ ఎప్పుడు ఆపానో చెప్పు."

విసురుగా గోడవైపు తిరిగాను. వేలాడుతున్న వైరు చుట్టల్ని చూస్తూ నిలబడ్డాను.

"ఇప్పుడు?"

"ఆపావు."

"ఇప్పుడు?"

"ఆపే ఉంది కదరా!"

వెనక్కి తిరిగాను. ఎర్రదీపం వెలుగుతోంది. టేపు గిరగిరా తిరుగుతోంది. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాకు భయమేసింది. చెడిపోయింది టేపు కాదు, సన్నటి శబ్దాలు అందని నా చెవులు. ఆ భయం ఇంకా దిగకముందే డ్రమ్మరు గుర్తొచ్చాడు, చిలక దూది గుర్తొచ్చింది. నాకు వినిపించేదాకా నాబు తిప్పి, వాళ్లందరి చెవులూ కోసేశాను. పొగరు వాళ్లది కాదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

"రేపే డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు తమ్ముడు.

"చూపిద్దాం. కానీ నువ్వు టేపు మార్చినట్టు శనివారంలోగా చెవులు మార్చడు కదా."

"మరి ప్రోగ్రాం?"

చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. చివరికి, "నాబు మీరిద్దరూ పెట్టండి. మీకు బాగున్న చోట" అన్నాను.

వాడు వెనక్కి తిప్పుతూ పోయాడు. మరదలు తలూపిన చోట ఆపి, నాబు మీద ఇన్సులేషన్ టేపు అతికించాడు. "దీన్ని ముట్టుకున్నావంటే చూడు."

వాయించాను. నా చెవికి అంతా దుప్పటే. ఒక మాట అన్నాను, అది ఎక్కడో దూరంగా తిరిగి అంది. మరదలు లోపలికి వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాగుందా?"

"బాగుంది వదినా. ఇంకొంచెం వాయించు."

నా చెయ్యి దానంతటదే నాబు దగ్గరికి వెళ్లింది. టేపు తగలగానే వెనక్కి తీసుకున్నాను. శనివారం దాకా ఈ చేతిని ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలియడం లేదు.