ఆమెకొకటి, ఊరికొకటి

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఎన్నో తలల మీద కూర్చున్నాను గానీ ఏ తలలోకీ వెళ్ళలేదు. పుట్టింది ఎక్కడో సముద్రం అవతలి ఫ్యాక్టరీలో. బుద్ధి తెలిసింది మాత్రం విశాఖపట్నంలో, ఒక రేడియో అనౌన్సరు చెవుల మీద. సంతాప వార్త చదువుతూ ఆయన మధ్యలో మైకు ఆపి హాయిగా ఆవలించేవాడు. మళ్ళీ మైకు వేయగానే గొంతు నిండా దుఃఖం. మనిషి గుండెకీ గొంతుకీ మధ్య ఒక స్విచ్చి ఉంటుందని అక్కడే తెలుసుకున్నాను.

ఆయన రిటైరయ్యాక నేను దయాకర్ చేతికి వచ్చాను. దొండపర్తిలో మేడమీద రెండు గదుల అద్దె ఇల్లు. ముందుగదిలో ఒక గోడ వైపు అతని కంప్యూటరు, గిటార్లు. ఎదురుగోడ వైపు అతని భార్య కెజియా కుట్టుమిషను. ఆదివారం చర్చిలో గిటారు వాయించే దయాకర్, మిగతా రోజుల్లో డ్రమ్ములు కొట్టే బాబ్జీతో కలిసి రాక్ సంగీతం చేసేవాడు. కెజియా వీధిలో వాళ్ళకి జాకెట్లు, పిల్లలకి గౌన్లు కుట్టేది. పాత మిషను. కాసేపు సాఫీగా నడిచి, బెల్టు జారి ఒకచోట తడబడి మళ్ళీ అందుకునేది. ఆమె కత్తెర జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. ఒకసారి దయాకర్ దాంతో పాలప్యాకెట్టు కోయబోతే లాక్కుంది.

"బట్ట తప్ప ఇంకేటీ కొయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పాలండీ? పదును పోతే మీరొచ్చి కుడతారా?"

నేను వచ్చేసరికే వాళ్ళకొక బిడ్డ పోయింది. ఏడో నెలలో, కడుపులోనే. ఊపిరి తీయని బిడ్డకి పేరేమిటని పెద్దవాళ్ళు అన్నారు. కెజియా మాత్రం పెట్టుకుంది. ఆసుపత్రి మంచం మీద ఆ పేరు భర్త చెవిలో చెప్పి, ఇది మనిద్దరి మధ్యే ఉండాలని మాట తీసుకుంది. ఈ సంగతులు నాకెవరూ చెప్పలేదు. దయాకర్ కట్టిన పాటల్లో విన్నాను.

ఆ పాటలన్నీ కలిపి ఒకే కథ. దానికి 'ఏడో నెల' అని పేరు పెట్టారు. చాలాకాలం పట్టింది. ఎంతకాలం పట్టినా, అది దేని గురించో భార్యకి చెప్పే తీరిక మాత్రం దొరకలేదు. పూర్తయిన మర్నాడు మధ్యాహ్నం బాబ్జీ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇది ప్రోగ్రెసివ్ రాక్, వదినా. ఒక ముక్క ఇప్పుడూ ఒక ముక్క రేపూ వినేది కాదు. సినిమాలాగ మొదట్నుంచీ చివరిదాకా కదలకుండా వినాలి."

"పొయ్యి మీద పులుసు మాడితే నువ్వు తింటావేటి?"

"తింటాను. నువ్వు విను."

దయాకర్ నన్ను ఆమె తలకి తగిలించాడు. జుట్టులో కొబ్బరినూనె వాసన. నాలోంచి మొదట సముద్రం వచ్చింది, తర్వాత ఆర్గన్. గిటార్లు ఒకదాని మీదొకటి లేచాయి, తాళం మారింది, అయినా పాటకీ పాటకీ మధ్య అతుకు కనపడలేదు. కెజియా కుట్టుపని చేసే మనిషి కదా, అతుకు కోసమే చూసింది. మూడో పాటలో డ్రమ్ము నడక వినగానే కళ్ళు తెరిచింది. సాఫీగా వచ్చి, తడబడి, మళ్ళీ అందుకునే నడక. చూపు తన మిషను మీదికి వెళ్ళింది. పెదాల మీద కాస్త నవ్వు కూడా వచ్చింది.

తర్వాతి పాటలో దయాకర్ గొంతు సన్నగా పాడింది: 'గౌను కుట్టాను, టోపీ కుట్టలేదు, దానికి చలేస్తుందేమో.'

అవి ఆమె మాటలు. ఆసుపత్రిలో అతనితో అన్నవి. ఆమె చెంపలు బిగుసుకోవడం చెవుల మీది నా మెత్తటి దిళ్ళకి తెలిసింది. ఆ పైపాటలో వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయి, ఆ ఖాళీలో అతను పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. పల్లవే అది.

ఆ పేరు నేను మీకు చెప్పను. చెప్పినవాడు ఒక్కడు చాలు.

కెజియా నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మాటలు తీసుకున్నారు, పోనివ్వండి. పేరు తీసెయ్యండి."

"పాటంతా దాని మీదే నిలబడింది కెజీ."

"పడిపోతే పడిపోనివ్వండి."

బాబ్జీ వెళ్ళి పులుసు దించాడు. దయాకర్ తీసేస్తానన్నాడు.

తీశాడు కూడా. రెండు రోజులు కూర్చుని పేరున్న చోటల్లా ఆమె మిషను చప్పుడు పెట్టాడు. మళ్ళీ నన్ను ఆమెకి తగిలించాడు. ఈసారి అన్నీ ఆగిపోయిన ఖాళీలో మిషను ఒక్కటే నడిచింది, తడబడింది, నడిచింది. కెజియా ఏడ్చింది. నా దిళ్ళు తడిసిపోయాయి. భర్త చెయ్యి పట్టుకుని, "ఇది బాగుందండీ. అది నాకు వినపడతంది, ఇంకెవరికీ వినపడదు" అంది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం పకోడీలు వేశారు.

ఆమె వంటింట్లోకి వెళ్ళగానే దయాకర్ నన్ను తన చెవులకి పెట్టుకుని రెండో ఫైలు తెరిచాడు. పాతదే. పేరున్నదే. కళ్ళు మూసుకుని మొత్తం విని, బాగుందన్నట్టు తలూపి, సీడీల కోసం దాన్నే పంపాడు. రెండు పాటలూ నాలోంచే వెళ్ళాయి. వైరులో వచ్చింది చెప్పడం తప్ప ఇంకేదీ రాని పుట్టుక నాది.

సీడీలు బయటికి ఇచ్చే ముందు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. వాళ్ళలో కొత్త బండి కొన్నా, ఉద్యోగం వచ్చినా అదే పద్ధతి. చాపలు, అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, బూందీ, టీ. చర్చి అయ్యగారు సీడీల అట్టపెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బాబ్జీ పెద్ద స్పీకర్లలో పాట పెట్టాడు. నేను బల్ల మీద ఖాళీగా ఉన్నాను.

కెజియా టీ పళ్ళెంతో తిరుగుతోంది. మిషను చప్పుడు వచ్చే చోటు దగ్గరపడుతుంటే గుమ్మం పక్కన ఆగి, తనకొక్కదానికే తెలిసిన సంగతి కోసం కాచుకుని నిలబడింది. వాయిద్యాలు ఆగాయి. పేరు వచ్చింది.

చర్చి మనుషులకి ఒక అలవాటుంది. పల్లవి ఒకసారి వింటారు, రెండోసారి అందరూ అందుకుంటారు. అది ఏ పాటైనా సరే. రెండోసారి వచ్చేసరికి ఇల్లంతా ఆ పేరు పాడింది. అయ్యగారు చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మూడోసారికి కిందింటి వాళ్ళ గొంతులు కూడా మెట్ల మీద వినిపించాయి.

"ఎవరి పేరే అది, ఎంత బాగుంది!" అంది ఒక పెద్దావిడ, టీ అందుకుంటూ.

"ఎవరిదో, పిన్నీ" అంది కెజియా. పళ్ళెంలో టీ ఒక్క చుక్క తొణకలేదు.

అందరూ వెళ్ళాక దయాకరే మొదలుపెట్టాడు. "ఎంతమంది ఏడ్చారో చూశావా? నీ కోసమే ఏడ్చారు."

"ఏడవమని నేనడిగానా?"

"నీకు నీది చేసి ఇచ్చాను కదా కెజీ."

"ఔను. నాకొకటి, ఊరికొకటి. కళ్ళకి గంతలు కడతారని విన్నానండీ, చెవులకి కట్టింది మీరే."

ఆమె మిషను దగ్గరికి వెళ్ళి కత్తెర తీసింది. బట్ట తప్ప మరేదీ కోయని కత్తెర. నన్ను చేతిలోకి తీసుకుని వైరును కోయబోయింది. ఒక్క కోతకి తెగలేదు. మళ్ళీ కోసింది. పదును పోయే ఉంటుంది. దయాకర్ చూస్తున్నది నన్ను కాదు, కత్తెరను.

ఆమె ఎక్కడికీ వెళ్ళిపోలేదు. అన్నం వండింది, చొక్కాలు ఉతికింది. అయితే అతనేం చెప్పినా, బస్సు ఆలస్యమైందన్నా, తలనొప్పిగా ఉందన్నా, "ఇది నాకా, ఊరికా?" అని అడిగేది. 'ఏడో నెల' ఊళ్ళు తిరిగింది. అతనూ దానితో తిరిగాడు, కొత్త హెడ్‌ఫోన్ కొనుక్కుని.

నా దిండు ఒకటి ఊడదీసి కెజియా గుండుసూదులు గుచ్చుకోవడానికి పెట్టుకుంది. మిగతా నేను మిషను సొరుగులో, దారం చుట్టిన బాబిన్ల మధ్య. ఇప్పుడు ఆ మిషను తడబాటు వైరు లేకుండానే వింటున్నాను.

మొన్న ఒక అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బాప్తిస్మానికి తెల్లగౌను కావాలట.

"పాటలో పేరే పెట్టామక్కా. మీ ఆయన పాటే!"

కెజియా టేపుతో ఛాతీ కొలిచింది, పొడుగు కొలిచింది. అడగకుండానే తల చుట్టూ టేపు తిప్పింది. "టోపీ కూడా కుడతాను. చలేస్తుంది" అంది.

తెల్లగుడ్డ ముక్క బిడ్డ తల మీద పెట్టి సరిచూస్తుంటే బిడ్డ అటు తిరిగిపోయింది.

"పేరెట్టి పిలవక్కా, ఇటు తిరుగుతాది" అంది తల్లి.

కెజియా నా దిండులోంచి ఒక గుండుసూది తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఇంకొకటి తీసి పెట్టుకుంది. ఒక్కొక్కటే అన్నీ తీసి నోట కరుచుకుని, మాట్లాడలేనన్నట్టు తలూపింది.

టోపీకి అన్ని సూదులు అక్కర్లేదు.